డిగ్రీలో ఉండగానే యూనివర్సిటీ ల్యాబ్‌లో సొంత రీసెర్చ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ల్యాబ్‌కి వచ్చే డిగ్రీ పిల్లల్ని కొన్నేళ్ళుగా నేనే చూసుకుంటున్నా. సెమిస్టర్ మారితే మొహాలు మారతాయి గానీ సందేహాలు మాత్రం అవే వస్తాయి, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది మొదలుపెట్టా. మీరు ఏ దశలో ఉంటే అక్కడికే వెళ్ళి చదువుకోవచ్చు. నాది మాలిక్యులర్ బయాలజీ కాబట్టి ఉదాహరణలు అటువైపు ఎక్కువ ఉంటాయి, కెమిస్ట్రీ ఫిజిక్స్ వాళ్ళు తమ పనికి అన్వయించుకోండి.

## చేరకముందు

ఇండిపెండెంట్ రీసెర్చ్ అంటే ప్రాక్టికల్సే కదా, కొత్తేముంది?

చాలా తేడా ఉంది. ప్రాక్టికల్స్‌లో జవాబు ముందే తెలుసు, టైట్రేషన్‌లో ఎంత రావాలో మీ రికార్డు దిద్దే మేడమ్‌కి తెలుసు, మీకు వేరే వస్తే మీరు ఎక్కడో తప్పు చేసినట్టే. రీసెర్చ్‌లో జవాబు మీ గైడ్‌కి కూడా తెలీదు. ఇండిపెండెంట్ అన్నారని ఒక్కళ్ళే మూల కూర్చుని చెయ్యడం అనుకోకండి, ల్యాబ్‌లో నడిచే పెద్ద ప్రాజెక్టులోంచి ఒక చిన్న ముక్క మీ చేతికిస్తారు, ఆ ముక్కకి ప్లాన్ వేసుకోవడం, చేసి చూడటం, లెక్కలు కట్టడం, చివర్లో నలుగురి ముందు నిలబడి చెప్పడం అన్నీ మీవే. ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థుల కోసం ఇలాంటి ప్రోగ్రామ్ పెట్టింది, ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో ఏదో ఒక పేరుతో ఉంది.

డిగ్రీ స్టూడెంట్ చేసే పనికి నిజంగా విలువ ఉంటుందా?

ఉంటుంది, దీనికి నేనెప్పుడూ చెప్పేది ఒకటే కథ. 1966లో ఇండియానా యూనివర్సిటీలో థామస్ బ్రాక్ అనే మైక్రోబయాలజిస్ట్ దగ్గర హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ స్టూడెంట్ పనిచేసేవాడు. ఎల్లోస్టోన్ పార్కులోని వేడినీటి ఊటల శాంపిల్స్ నుంచి 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే ఒక బ్యాక్టీరియాని వేరుచేశారు, థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి 1969లో ఇద్దరూ కలిసి పేపర్ వేశారు. దాన్నుంచి తీసిన ట్యాక్ పాలిమరేజ్ అనే ఎంజైమే 1980ల్లో పీసీఆర్‌ని (కొద్దిపాటి డీఎన్‌ఏ నుంచి కోట్ల కాపీలు తీసే పద్ధతి) ప్రతి ల్యాబ్‌కీ తీసుకొచ్చింది, ఎందుకంటే పీసీఆర్‌లో డీఎన్‌ఏ పోగులు విడిపోవడానికి ప్రతి సైకిల్‌లోనూ 95 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి, మామూలు ఎంజైమ్ ఆ వేడికి పాడైపోతుంది కాబట్టి అంతకుముందు ప్రతిసారీ కొత్తగా వెయ్యాల్సి వచ్చేది, ఇది మాత్రం తట్టుకుంటుంది. ఫ్రీజ్ ప్లేట్లు చూస్తున్న రోజుల్లో పీసీఆర్ అనే మాటే లేదు.

ఏ ఇయర్‌లో మొదలుపెడితే మంచిది?

సెకండ్ ఇయర్ మధ్యలో అయితే బాగుంటుందని నా అభిప్రాయం. మొదటి మూడు నాలుగు నెలలు చెయ్యి కుదరడానికే పోతాయి, ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది, ఫైనల్ ఇయర్ ఆఖరి సెమిస్టర్‌లో చేరితే చెయ్యి కుదిరే టైమ్‌కి వెళ్ళిపోయే టైమ్ వచ్చేస్తుంది. ఫస్ట్ ఇయర్‌లో వచ్చినా తప్పు లేదు, కొన్నాళ్ళు పక్కన నిలబడి చూడ్డానికి సిద్ధంగా ఉంటే చాలు.

నా మార్కులు అంత గొప్పగా లేవు, అసలు తీసుకుంటారా?

కొన్ని ల్యాబ్‌లు మార్కులు అడుగుతాయి, అడగనివీ చాలా ఉన్నాయి. మనిషి చెప్పిన టైమ్‌కి వస్తాడా, తప్పు చేస్తే దాచకుండా చెప్తాడా, రాసుకుంటాడా, నేను చూసేవి ఈ మూడే. తొంభై శాతం మార్కులున్నా నోట్‌బుక్ రాయని వాళ్ళతో పడిన ఇబ్బంది నాకు తెలుసు, సగటు మార్కులతో వచ్చి రెండేళ్ళు ల్యాబ్‌ని నిలబెట్టిన వాళ్ళూ తెలుసు.

ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

చిన్నగా, పది లైన్లు దాటకుండా రాయండి. మీరెవరు, ఏ ఇయర్, వాళ్ళ ఏ పేపర్ చదివారు, అందులో మీకు ఏ విషయం దగ్గర ఆసక్తి కలిగింది లేదా ఏ విషయం అర్థం కాలేదు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఎన్ని సెమిస్టర్లు ఉండగలరు. అంతే. "మీ అద్భుతమైన పరిశోధనలకి నేను ముగ్ధుణ్ణయ్యాను" లాంటి వాక్యాలు ఒకే మెయిల్‌గా ఇరవైమందికి వెళ్తాయని చదివేవాళ్ళకి మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. పేపర్‌లో రెండో బొమ్మలో కంట్రోల్ బార్ ఎందుకు అంత ఎక్కువ ఉందో నాకు అర్థం కాలేదు సార్ అని ఒక్క వాక్యం రాస్తే, నిజంగా చదివినట్టు అక్కడే తెలుస్తుంది.

మెయిల్ పెట్టి రెండు వారాలైంది, రిప్లై లేదు, వదిలెయ్యాలా?

వద్దు, ఒక్కసారి మర్యాదగా గుర్తుచెయ్యండి. వాళ్ళ ఇన్‌బాక్స్‌లో మీ మెయిల్ కిందకి వెళ్ళిపోయి ఉంటుంది, చాలావరకు కారణం అంతే. దానికీ జవాబు రాకపోతే ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ళని కలిసి చోటు ఉందేమో అడగండి, డిగ్రీ పిల్లలకి పని నేర్పేది ఎక్కువగా వాళ్ళే కాబట్టి వాళ్ళ మాటకి బలం ఉంటుంది.

పెద్ద పేరున్న ల్యాబ్‌లో చేరాలా, చిన్న ల్యాబ్‌లోనా?

పేరు కంటే మీకు రోజూ ఎవరు నేర్పుతారో కనుక్కోండి. ఇరవైమంది ఉన్న ల్యాబ్‌లో ప్రొఫెసర్ మొహం నెలకోసారి కనబడొచ్చు, అక్కడ మంచి సీనియర్ దొరికితే అదృష్టమే, దొరకకపోతే సెమిస్టర్ అంతా ఎవరిని అడగాలో తెలీక తిరుగుతారు. చేరేముందు అక్కడ ఇప్పటికే ఉన్న డిగ్రీ స్టూడెంట్‌ని పట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి, నీ ప్రయోగం పాడైనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తావు అని. టక్కున పేరు చెప్తే ఆ ల్యాబ్ మంచిది.

## మొదటి వారాలు

ల్యాబ్ మీటింగ్‌లో ఒక్క ముక్క అర్థం కావట్లేదు, నేను దీనికి పనికిరానా?

అందరికీ అలాగే ఉంటుంది. వాళ్ళు నాలుగైదేళ్ళుగా మాట్లాడుకుంటున్న భాష మీకు నాలుగు వారాల్లో రాదు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తెలీని మాటలు రాసుకోండి, మీటింగ్ అయ్యాక మూడిటి గురించి మాత్రం అడగండి, అన్నీ ఒకేసారి వద్దు. రెండు నెలలు గడిచాక మొదటి పేజీ తిరగేస్తే అందులో మాటలన్నీ మీరే వాడుతుంటారు.

పేపర్ చదవమన్నారు, రెండు గంటలు కూర్చున్నా మొదటి పేజీ దాటలేదు, ఎలా చదవాలి?

మొదటి లైన్ నుంచి ఆఖరి లైన్ దాకా వరసగా చదవకండి. ముందు అబ్‌స్ట్రాక్ట్, తర్వాత బొమ్మలు, వాటికింద రాసినవి. ఒక్కో బొమ్మకీ వీళ్ళు ఏం అడిగారు, దేన్ని దేనితో పోల్చారు అని మీ మాటల్లో ఒక లైన్ రాసుకోండి, తెలుగులో రాసుకున్నా పర్లేదు, నేను ఇప్పటికీ అలాగే రాసుకుంటా. మెథడ్స్ భాగం మీరు ఆ ప్రయోగం చెయ్యబోయే రోజు చదివితే బుర్రకెక్కుతుంది, అంతకుముందు ఎక్కదు.

నెల నుంచి గ్లాస్‌వేర్ కడగడం, మీడియా చెయ్యడమే, రీసెర్చ్ ఎప్పుడు?

కొన్ని వారాలైతే సహజం, ఓపిక పట్టండి. మీడియా (బ్యాక్టీరియాకి పెట్టే తిండి) చేసి 121 డిగ్రీల ఆవిరిలో క్రిములు చచ్చేలా ఆటోక్లేవ్ చెయ్యడం, కడిగిన ఫ్లాస్కులో సబ్బు మిగలకుండా చూడటం వచ్చినవాళ్ళకి తర్వాత కల్చర్ (పెంచుతున్న బ్యాక్టీరియా) పెరగకపోతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అదే సెమిస్టర్ సగం దాటినా కడగడమే పనైతే మాత్రం అడగాలి, అది మీ హక్కు. "నాకంటూ ఒక చిన్న ప్రశ్న ఎప్పటి నుంచి ఇస్తారు సార్" అని సూటిగా అడగండి, తేదీ చెప్పకుండా దాటేస్తుంటే వేరే ల్యాబ్ చూసుకోవడంలో తప్పేం లేదు.

పిపెట్ పట్టుకోవడం ఈజీ అనిపిస్తోంది, నా చెయ్యి సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

తూకం వేసి చూడండి. నాలుగు దశాంశాలు చూపించే బ్యాలెన్స్ మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేసి, పిపెట్‌లో 100 మైక్రోలీటర్లు సెట్ చేసి నీళ్ళు వెయ్యండి, దాదాపు 100 మిల్లీగ్రాములు రావాలి, ఇలా పదిసార్లు చేసి రాసుకోండి. మొదటిరోజు అందరికీ 92, 104, 97 అని ఎగుడుదిగుడుగా వస్తాయి. కారణం దాదాపు ఎప్పుడూ బొటనవేలే, లాగేటప్పుడు మొదటి ఆగేచోటుతో ఆపకుండా రెండోదాకా నొక్కెయ్యడం, లేదా టిప్ నీళ్ళలో ఉండగానే వేలు గభాల్న వదిలెయ్యడం, దాంతో గాలి బుడగ లోపలికి పోతుంది. మెల్లగా వదలండి, ఒక క్షణం ఆగి టిప్ బయటికి తియ్యండి. పది కొలతలూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చేదాకా అసలు శాంపిల్స్ ముట్టుకోవద్దని మా దగ్గర చేరే అందరికీ చెప్తా.

వారానికి ఎన్ని గంటలు రావాలి, క్లాసులు పోవు కదా?

ఎనిమిది నుంచి పన్నెండు గంటలు చాలు, కానీ ముక్కలు ముక్కలుగా వద్దు. రోజూ గంట వచ్చేకంటే వారానికి రెండు మధ్యాహ్నాలు పూర్తిగా రావడం మేలు, డీఎన్‌ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్ పోసి గట్టిపడి రన్ అయి ఫోటో తీసేసరికే మూడు గంటలు దాటుతుంది. పరీక్షలుంటే రెండు వారాల ముందే చెప్పండి, చెప్పి రాకపోతే ఎవరూ ఏమీ అనరు, చెప్పకుండా మానేస్తే మీరు పెట్టిన కల్చర్ ఇంకొకళ్ళు చూసుకోవాలి.

రాత్రిపూట ఒక్కడినే పని చేసుకోవచ్చా?

డేటా చూసుకోవడం, రాసుకోవడం చెయ్యండి. యంత్రాలు, మంటలు, ప్రమాదకర కెమికల్స్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఇందులో నాకు బేరం లేదు. 2011 ఏప్రిల్‌లో యేల్ యూనివర్సిటీలో ఫైనల్ ఇయర్ చదువుతున్న ఒక అమ్మాయి రాత్రిపూట మెషీన్ షాపులో లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పని చేసుకుంటుండగా జుట్టు అందులో చిక్కుకుని ప్రాణం పోయింది. ఆ టైమ్‌లో పక్కన సాయానికి ఎవరూ లేరు. మీ డెడ్‌లైన్ ఎంత దగ్గర పడినా సరే, ఇంకొకళ్ళు గదిలో ఉంటేనే చెయ్యండి.

గ్లవ్స్ వేసుకున్నా కదా, ఇంకేం భయం?

గ్లవ్స్ అన్నీ ఒకటి కాదు, ఏ కెమికల్‌కి ఏ గ్లవ్ ఆగుతుందో సేఫ్టీ షీట్‌లో చూసుకోవాలి. 1996లో డార్ట్‌మత్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ కరెన్ వెటర్‌హాన్ చేతి మీద డైమిథైల్ మెర్క్యురీ కొన్ని చుక్కలు పడ్డాయి, ఆవిడ లేటెక్స్ గ్లవ్స్ వేసుకునే ఉన్నారు, అప్పటి నియమాలు పాటించే చేశారు. అది కొన్ని సెకన్లలోనే గ్లవ్‌లోంచి దిగిపోయింది, నెలల తర్వాత లక్షణాలు బయటపడ్డాయి, 1997 జూన్‌లో చనిపోయారు. విషపు లోహాల మీద పని చెయ్యడం ఆవిడకి కొత్త కాదు. ఇంకోటి, గ్లవ్స్‌తోనే ఫోన్, తలుపు గొళ్ళెం ముట్టుకోకండి, మీ చేతికి అంటకూడదనుకున్నది తర్వాత వచ్చేవాళ్ళ చేతికి అంటుతుంది.

ఖరీదైనది ఏదో పాడుచేశా, చెప్పాలంటే భయంగా ఉంది

వెంటనే, అదే గంటలో చెప్పండి. సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులు బ్యాలెన్స్ చెయ్యకుండా తిప్పితే శబ్దం వస్తుంది, అప్పుడే ఆపి చెప్తే రోటర్ చెక్ చేసి సరిచేస్తారు, చెప్పకుండా మూత పెట్టేసి వెళ్తే తర్వాత తిప్పేవాళ్ళకి ప్రమాదం. తిడితే ఒక్కరోజు తిడతారు. వారం తర్వాత తెలిస్తే మీ డేటాని కూడా నమ్మడం మానేస్తారు, అది తిట్ల కంటే చాలా పెద్ద నష్టం.

## సొంత ప్రాజెక్టు నడుస్తుండగా

నా ప్రశ్న మరీ చిన్నదిగా ఉంది, ఇంకా పెద్దది తీసుకోవాలా?

ఇంకా చిన్నది చెయ్యండి అని చెప్తా. "ఉప్పు ఒత్తిడికి మొక్కలు ఎలా స్పందిస్తాయి" అనేది పదిమంది జీవితకాలం పని. "ఈ ఒక్క రకం విత్తనాలు 50, 100, 150 మిల్లీమోలార్ ఉప్పునీళ్ళలో ఎన్ని రోజుల్లో మొలకెత్తుతాయి" అనేది మీ సెమిస్టర్ పని. ఏ జవాబు వస్తే ఏం అనుకోవాలో ప్రయోగానికి ముందే రెండు వాక్యాల్లో రాయగలిగితే ప్రశ్న సరైన సైజులో ఉన్నట్టు.

కంట్రోల్స్ ప్రతిసారీ పెట్టాలా, టైమ్ వేస్ట్ కదా?

కంట్రోల్ అంటే ఏం రావాలో ముందే తెలిసిన శాంపిల్, మిగతావాటిని దాంతో పోల్చి చూస్తాం, అది ప్రతిసారీ పెట్టాలి. ఇది పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు, నేను మూడు వారాలు పోగొట్టుకుని నేర్చుకున్నా. నా మొదటి సెమిస్టర్‌లో ఒక జీన్ కోసం పీసీఆర్ చేస్తుంటే జెల్ మీద ఎనిమిది శాంపిల్స్‌కి ఎనిమిది బ్యాండ్లు (డీఎన్‌ఏ ఉన్నచోట కనబడే గీతలు), ఒకే ఎత్తులో, అద్దంలా మెరుస్తూ వచ్చాయి, ఎంత సంతోషమో. డీఎన్‌ఏ వెయ్యకుండా ఉత్త నీళ్ళతో పెట్టాల్సిన ట్యూబు పెట్టలేదు, జెల్‌లో గళ్ళు చాల్లేదని ఎగ్గొట్టా. మూడు వారాలు ఆ బ్యాండ్ల మీదే తర్వాతి పనంతా చేశా. ఒకరోజు మా సీనియర్ అక్క వచ్చి నీళ్ళ ట్యూబు ఏది అని అడిగి, పక్కనే కూర్చుని పెట్టించింది. ఆ నీళ్ళ గడిలో కూడా అదే ఎత్తులో అంతే మెరుపుతో బ్యాండ్ వచ్చింది. నేను వాడుతున్న నీళ్ళ ట్యూబులో ఎప్పుడో డీఎన్‌ఏ పడిందన్నమాట, ఎనిమిది బ్యాండ్లూ ఆ నీళ్ళవే. అప్పటి నుంచి గళ్ళు చాలకపోతే ఒక శాంపిల్ తగ్గిస్తా గానీ నీళ్ళ ట్యూబు తగ్గించను. దాంతోపాటు కచ్చితంగా రావాల్సిన శాంపిల్ కూడా ఒకటి పెట్టండి, అది కూడా రాకపోతే తప్పు మీ రియాక్షన్‌లో ఉందని తెలుస్తుంది.

ఎన్నిసార్లు రిపీట్ చేస్తే చాలు?

కనీసం మూడు, అయితే మూడు అంటే ఏంటో తెలియాలి. ఒకే కల్చర్‌ని మూడు ట్యూబుల్లో పోసి కొలిస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుందంతే, వేర్వేరు రోజుల్లో విడిగా పెంచిన మూడు కల్చర్లు కొలిస్తేనే ఆ జీవిలో నిజంగా తేడా ఉందో లేదో తెలుస్తుంది. చాలామంది మొదటిదాన్ని రెండోదిగా లెక్కేసి ఎర్రర్ బార్లు (కొలతల మధ్య తేడా ఎంతో గ్రాఫ్‌లో చూపే గీతలు) సన్నగా వచ్చాయని మురిసిపోతారు. ఇంకా రిపీట్ చేస్తే సగటులో అనిశ్చితి తగ్గుతుంది గానీ మెల్లగా, సగం కావాలంటే నాలుగు రెట్లు కొలవాలి.

ఒక్క రీడింగ్ తేడాగా ఉంది, తీసేస్తే గ్రాఫ్ చక్కగా వస్తుంది, తీసెయ్యొచ్చా?

చక్కగా రావడం కోసం తియ్యకూడదు. ఆ రోజు ట్యూబు ఒలికింది, ల్యాంప్ వేడెక్కకముందే చదివా లాంటి కారణం అప్పుడే నోట్‌బుక్‌లో రాసి ఉంటే తియ్యొచ్చు, తీశానని రిపోర్టులో చెప్పాలి కూడా. ఎలక్ట్రాన్ చార్జ్ కొలిచిన మిల్లికాన్ 1913 పేపర్‌లో 58 నూనె చుక్కల లెక్కలిచ్చి, 60 రోజులు వరసగా ప్రయోగం చేసిన చుక్కలన్నీ ఇవేనని రాశాడు, కానీ ఆయన నోట్‌బుక్స్‌లో ఇంకా చాలా చుక్కలున్నాయి, దాన్ని గురించి చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చుక్కలు వదిలెయ్యడానికి మంచి కారణాలు ఉండి ఉండొచ్చు, అన్నీ ఇవే అన్న ఆ ఒక్క వాక్యంతోనే చిక్కొచ్చింది.

నోట్‌బుక్‌లో ఏమేం రాయాలి, కంప్యూటర్‌లో ఉంది కదా?

కంప్యూటర్‌లో ఉన్నది ఫలితం, నోట్‌బుక్‌లో ఉండాల్సింది ఆ ఫలితం ఎలా వచ్చిందో. తేదీ, ఈరోజు ఎందుకు చేస్తున్నానో ఒక వాక్యం, ఏ బాటిల్ ఏ లాట్ నంబర్, ఎంత వేశారు, ఎంతసేపు, ప్లాన్‌కి భిన్నంగా ఏం జరిగింది, డేటా ఫైల్ పేరేంటి, ఎక్కడుంది. పెన్నుతో రాయండి, తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి, కింద ఉన్నది కనబడాలి, పేజీ చింపకూడదు. ముఖ్యంగా చేస్తూ చేస్తూనే రాయండి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసేది నోట్‌బుక్ అవ్వదు. చిత్తుకాగితం మీదో గ్లవ్ మీదో రాసుకుని తర్వాత ఎక్కిస్తా అనుకున్నవి డస్ట్‌బిన్‌లోకి పోతాయి, నేను కళ్ళారా చూశా. 37 డిగ్రీల్లో పెట్టాల్సింది 35 చూపించింది అని ఒక ఏడాది క్రితం ఎవరో రాసిన ఒక్క లైన్ వల్ల మేము రెండు నెలల గందరగోళం ఒక గంటలో తేల్చుకున్నాం.

ఐదోసారి కూడా ఫెయిల్ అయింది, ఏం చెయ్యాలి?

ఆరోసారి అచ్చం అలాగే చెయ్యకండి. అన్నీ ఒకేసారి మార్చెయ్యకండి కూడా, మారిస్తే పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలీదు. పనిచేస్తుందని తెలిసిన సీనియర్ శాంపిల్‌ని మీ బఫర్‌తో, మీ శాంపిల్‌ని వాళ్ళ బఫర్‌తో పెట్టి చూడండి, తప్పు ఎటుందో సగం అక్కడే తేలుతుంది. తర్వాత వాళ్ళు చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, ప్రొటోకాల్‌లో రాయని విషయాలు అక్కడే బయటపడతాయి, ట్యూబు ఐస్‌లో ఎంతసేపు ఉంచుతారు, ఎంత గట్టిగా కలుపుతారు లాంటివి. ఒక్కోసారి తప్పేమీ దొరకదు, మీరనుకున్నదే జరగట్లేదన్నమాట, అది కూడా ఫలితమే.

నా మెంటార్ అస్సలు టైమ్ ఇవ్వట్లేదు

ఇబ్బందిగా ఉంది అని ఊరికే చెప్తే మారదు. వారానికి ఇరవై నిమిషాలు, ఫలానా రోజు ఫలానా టైమ్ అని అడిగి క్యాలెండర్‌లో పెట్టించుకోండి. వెళ్ళేటప్పుడు ఒక్క పేజీ తీసుకెళ్ళండి, ఏం చేశా, ఏం వచ్చింది, ఎక్కడ ఆగిపోయా. అలా రెండు మూడు వారాలు ప్రయత్నించినా దొరక్కపోతే ప్రొఫెసర్‌కి చెప్పండి, ఫిర్యాదులా అనిపించాల్సిన పనిలేదు, ఇంకెవరి దగ్గర నేర్చుకోవచ్చు సార్ అని అడిగితే చాలు.

## ముగించేటప్పుడు

పేపర్‌లో నా పేరు వేస్తారా?

మీరు ఎన్ని గంటలు పనిచేశారు అన్నదాన్ని బట్టి ఉండదు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం రచయిత అనాలంటే నాలుగూ ఉండాలి, పని రూపకల్పనలోనో డేటా సేకరణ విశ్లేషణలోనో గణనీయమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాత్ర, ఆఖరి ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవడం. అంటే డేటా మీదే అయితే డ్రాఫ్ట్ చదివి దిద్దే అవకాశం కూడా మీకివ్వాలి. పేరు సంగతి చేరిన రెండో నెలలోనే సిగ్గుపడకుండా అడగండి, ఆఖర్లో అడిగితే ఇద్దరికీ చేదుగా ఉంటుంది.

అనుకున్న రిజల్ట్ రాలేదు, థీసిస్‌లో ఏం రాయాలి?

వచ్చిందే రాయండి. ఏం అడిగారు, ఎలా కొలిచారు, కంట్రోల్స్ పనిచేశాయా, ఎంత చిన్న తేడా ఉంటే మీ కొలతకి కనబడుతుంది, ఆ పరిధిలో తేడా కనబడలేదు. ఇది పూర్తి థీసిస్. "తేడా లేదు" అనడానికీ "మేం చూసినంతలో తేడా కనబడలేదు" అనడానికీ దూరం చాలా ఉంది, రెండోది రాయండి.

రికమండేషన్ లెటర్ ఎప్పుడు అడగాలి?

గడువుకి నెల ముందు. మీరు చేసిన పనుల పట్టిక ఒక పేజీ కూడా ఇవ్వండి, రాసేవాళ్ళకి మీ గురించి గట్టిగా చెప్పాలని ఉన్నా తేదీలూ వివరాలూ గుర్తుండవు.

వెళ్ళిపోయేముందు ఏం అప్పగించాలి?

నోట్‌బుక్ ల్యాబ్‌దే, అక్కడే వదలండి, కావాలంటే అడిగి కాపీ తీసుకోండి. ముడి డేటా మీ లాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే ల్యాబ్ డ్రైవ్‌లోకి ఎక్కించండి, ఏ ఫోల్డర్‌లో ఏముందో ఒక పేజీ రాసి అందులోనే పెట్టండి. ఇక ఫ్రీజర్. మైనస్ 80 ఫ్రీజర్‌లో మూత మీద "ఏ1, కొత్తది" అని మాత్రమే రాసి ఉన్న ట్యూబుల బాక్సు ఒకటి మా దగ్గర ఉంది, అందులో ఏముందో ఎవరికీ తెలీదు, అది ఎవరి ఏడాది కష్టమో పారెయ్యడానికి చెయ్యి రాదు, వాడటానికీ లేదు. మీ ట్యూబుల మీద చలికి చెరగని పెన్నుతో ఏముంది, గాఢత ఎంత, తేదీ, మీ పేరు పొడి అక్షరాలు, నోట్‌బుక్ పేజీ నంబర్ రాయండి, బాక్సులో ఏ గడిలో ఏ ట్యూబు ఉందో ఒక పటం గీసి మూతకి లోపలివైపు అంటించండి, ఇంకో కాపీ మీ తర్వాత వచ్చేవాళ్ళ చేతికివ్వండి. కుదిరితే ఒక మధ్యాహ్నం వాళ్ళని పక్కన నిలబెట్టుకుని మీ ప్రయోగం ఒక్కసారి వాళ్ళచేతే చేయించండి.